సముద్రానికి పహాణీ ఏది?

ఆ రోజు ఆదివారం. 2024 సెప్టెంబరు 1. రెండు రోజులుగా తెరిపి లేని వాన. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఏ నీళ్ల కోసం రైతులు ఏటా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తారో, ఆ నీళ్లే కట్ట తెంచుకుని పొలాల మీద పడ్డాయి. వరి మునిగింది. నీరు తీశాక చూసుకుంటే కొన్నిచోట్ల పైరు ఉండాల్సిన చోట ఇసుక మేటలు.

ఇంతకీ ఆ వాన ఎక్కడిది? బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం శనివారం అర్ధరాత్రి దాటాక శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కళింగపట్నం ఎక్కడ, నడిగూడెం ఎక్కడ! మధ్యలో నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. సముద్రం తమకు చాలా దూరం అనుకుంటారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ జనం. సముద్రం అలా అనుకోవడం లేదు.

ఇప్పుడీ సముద్రం ప్రస్తావన ఎందుకంటే... దాని మీద గీతలు గీసే పని మొదలైంది. ఓడలు ఏ దారిన పోవాలి, చమురు బావులు ఎక్కడ తవ్వాలి, గాలిమరలు ఎక్కడ నిలబెట్టాలి, తాబేళ్లకు ఎంత వదలాలి, వేటకు ఎంత మిగలాలి... ఇవన్నీ ముందుగానే లెక్కేసి పంచడాన్ని సముద్ర ప్రాదేశిక ప్రణాళిక అంటున్నారు. ఊరి భాషలో చెప్పాలంటే సముద్రానికి లేఅవుట్ వేయడం! లేఅవుట్‌కు మ్యాపు కావాలి. మ్యాపుకు సమాచారం కావాలి. ఆ సమాచారంలో ఎవరున్నారు, ఎవరు లేరు? తిరకాసంతా అక్కడే ఉంది.

మ్యాపు మీద గీత పడితే మనిషి బతుకు ఎలా మారుతుందో నడిగూడేనికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఊరు ఒకప్పుడు దీవి. నీళ్లలో దీవి కాదు, మ్యాపులో దీవి. నడిగూడెం రాజధానిగా ఉన్న మునగాల పరగణా చుట్టూ నైజాం రాజ్యం. పరగణా మాత్రం ఇంగ్లిషువాళ్ల మద్రాసు రాష్ట్రంలో, కృష్ణా జిల్లాలో భాగం. పొరుగూరికి వెళ్తే రాజ్యం మారేది. చెల్లే రూపాయి కూడా మారేది. జిల్లా కేంద్రం ఎక్కడయ్యా అంటే బందరు. అంటే, సముద్రపు నీటిచుక్క కంటికి కనిపించని ఈ పల్లెలకు పెద్ద ఊరు ఒక రేవు పట్టణం. చివరికి 1959లో పరగణాను నల్లగొండ జిల్లాలో కలిపారు. 2016 నుంచి సూర్యాపేట జిల్లా. ఊరు కదల్లేదు, గీతలే కదిలాయి!

ఆ దీవి గొప్ప దీవే. రాజా నాయని వెంకట రంగారావు కొలువులో కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేశారు. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఇక్కడికి వచ్చి కంబోడియా పత్తి మీద పరిశోధనలు చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్నారు. మన జెండా ఈ కోటలోనే రూపుదిద్దుకుందని ఊరివాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆయన ఊహలోంచి ఎదిగిన మువ్వన్నెల జెండా నేడు మన దేశపు ఓడల పతాకాల్లోనూ కనిపిస్తుంది.

నడిగూడేనికీ బందరుకూ ఉన్న పాత చుట్టరికం పూర్తిగా తెగిపోలేదు. మునగాల, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి బందరు దగ్గరే ఆగుతుంది. రోడ్డు మీద సుమారు 180 కిలోమీటర్లు. అదే రోడ్డు పట్టుకుని వెనక్కి వెళ్తే హైదరాబాద్. అక్కడ ప్రగతినగర్‌లో ఉంది భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. అందరూ ఇన్‌కాయిస్ అంటారు. 1999లో మొదలైంది. హిందూ మహాసముద్రంలో సునామీ వస్తే ముందుగా పసిగట్టే కేంద్రం 2007 నుంచి పనిచేస్తున్నది ఇక్కడే. ఇంకో చిత్రం... మన దేశపు సముద్ర పటాలు తయారుచేసే జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం ఉన్నది హిమాలయాల పాదాల దగ్గర, డెహ్రాడూన్‌లో! సముద్రానికి దూరంగా కూర్చుంటేగానీ సముద్రం అర్థం కాదేమో.

అసలు సముద్రాన్ని కొలవడం ఎలా? పూర్వం తాడుకు సీసపు గుండు కట్టి వదిలేవారు. గుండు అడుగుకు తగలగానే తడిసిన తాడును చేతులు బారజాపి కొలిచేవారు. ఒక బార, రెండు బారలు, పది బారలు... మన తీరంలోనూ వేటగాళ్లు లోతును బారల్లోనే చెబుతారు. గుండు కింద కాస్త మైనమో కొవ్వో పూస్తే అడుగున ఉన్నది ఇసుకో బురదో దానికి అంటుకుని పైకి వచ్చేది. సీసపు గుండు ఒక్కటే, జవాబులు రెండు.

ఈ పనిలో తలపండిన మనిషి మైకేల్ టాపింగ్. ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో ముఖ్య సముద్ర సర్వేయరు. కోరమాండల్ తీరాన్ని కొలిచాడు. 1794లో మద్రాసులో ఆయన పెట్టిన సర్వే బడే తర్వాత గిండీ ఇంజినీరింగ్ కాలేజీ అయ్యింది. 1796లో బందరులోనే కన్నుమూశాడు. ఆయన కొలిచిన తీరం ఇప్పుడు అలాగే లేదన్నది వేరే సంగతి. ఒకనాడు ఓడలతో కళకళలాడిన కోరంగి రేవును 1839 తుపాను ముంచేసింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులో 30 వేల మందిని పొట్టన పెట్టుకుందంటారు. కాకినాడ ముందు గోదావరి తెచ్చిన ఇసుకతో హోప్ ఐలాండ్ పెరిగింది. పక్కనే ఉప్పాడ ఏటా కోసుకుపోతోంది. పొలం మ్యాపు తాతల నాటిదైనా పనికొస్తుంది. సముద్రం మ్యాపు అలా కాదు, మళ్లీ మళ్లీ గీయాల్సిందే.

ఇప్పుడు గుండు బదులు శబ్దం. ఓడ అడుగు నుంచి శబ్దతరంగాలను విసనకర్రలా విప్పి కిందికి పంపుతారు. అవి నేలకు తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. ఒకే ఊపులో వెడల్పాటి పట్టీ మొత్తం కొలత పడిపోతుంది. ఈ పనికే మన నౌకాదళం 2024 ఫిబ్రవరిలో ఐఎన్ఎస్ సంధాయక్‌ను విశాఖలో జలప్రవేశం కాదు, నేరుగా విధుల్లోకే దింపింది. అదే పేరున్న పాత ఓడ 40 ఏళ్లు కొలిచి కొలిచి 2021లో విశాఖలోనే విశ్రాంతి తీసుకుంది. 2024 డిసెంబరులో దానికి తోడుగా నిర్దేశక్ వచ్చింది. ఇన్ని ఓడలు, ఇన్ని యంత్రాలు ఉన్నా ప్రపంచ సముద్రాల అడుగున ఆధునిక పద్ధతుల్లో మ్యాపు అయిన భాగం 2025 నాటికి నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. అంతే!

అడుగు సంగతి సరే, కంటి ఎదుట ఉన్న తీరం పొడవైనా సరిగ్గా తెలుసా? ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని మనమంతా బడిలో బట్టీ పట్టాం. ఇప్పుడు పిల్లలు 1,053 అని రాయాలి. సముద్రం పెరిగిందా? లేదు. కొలత మారింది. పాత లెక్క 1970ల నాటిది, మ్యాపులో ఒక సెంటీమీటరుకు 45 కిలోమీటర్ల చొప్పున కట్టింది. కొత్త లెక్కలో సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లే. దగ్గరగా చూసేసరికి పాత మ్యాపులో లేని మొగలు, మలుపులు, వంపులు బయటపడ్డాయి. వంకర గెట్టును పొడవాటి గడకర్రతో కొలిస్తే ఒక లెక్క, పురికొసతో వెంబడే కొలిస్తే ఇంకో లెక్క. రైతుకు ఇది తెలియని విషయమా! దేశం మొత్తం తీరం కూడా ఇలాగే 7,516 కిలోమీటర్ల నుంచి 11,098కి పెరిగింది.

కొలిచే కర్రను బట్టి తీరమే మారిపోతుంటే, ఆ తీరం ముందున్న నీటిలో ఎవరి వాటా ఎంతో తేల్చడం ఎంత కష్టం!

వాటా అడిగేవాళ్లు తక్కువేమీ కాదు. కాకినాడ ఎదుట కృష్ణా గోదావరి బేసిన్‌నే తీసుకోండి. 2002లో అక్కడ పెద్ద గ్యాస్ నిక్షేపం బయటపడింది. 2009 ఏప్రిల్ నుంచి గ్యాస్ ఒడ్డుకొచ్చింది. కేజీ డీ6 అని పేపర్లలో తెగ నలిగిన ఆ బ్లాకు మొదట ఎంతుండేదో తెలుసా? 7,645 చదరపు కిలోమీటర్లు. సూర్యాపేట జిల్లాలాంటివి రెండు అందులో పట్టేస్తాయి. 2020 చివర్లో అక్కడే రెండు కిలోమీటర్లకు మించిన లోతు నుంచి గ్యాస్ తీయడం మొదలైంది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ తన పక్క బ్లాకులో నూనె తీసింది. ఇటు 2023లో బందరు దగ్గర కొత్త రేవు పనులు మొదలయ్యాయి. సముద్రంలో గాలిమరలకు ఆంధ్రా తీరంలో ఇంకా తొందర లేదు. తొలి వాటా గుజరాత్, తమిళనాడులకు. ఒక్కోచోట 500 మెగావాట్ల చొప్పున ప్రోత్సాహానికి 2024 జూన్‌లో కేంద్రం 7,453 కోట్ల రూపాయలు ఒప్పుకుంది.

ఇందులో తప్పేముంది? గ్యాస్ కావాలి, కరెంటు కావాలి, రేవులు కావాలి. కాకినాడ గ్యాస్ పైపులైను తెలంగాణ మీదుగానే గుజరాత్ దాకా పోతోంది. సముద్రాన్ని ఎవరూ ముట్టుకోకూడదనడం సులువే, పొయ్యి వెలిగించేటప్పుడే కష్టం. చిక్కు ఇంకెక్కడో ఉంది.

పెద్ద ఓడలన్నీ తాము ఎక్కడున్నదీ, ఎటు పోతున్నదీ రేడియో ద్వారా చెబుతూనే ఉంటాయి. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నుల పైబడ్డ ఓడలకు ఆ పరికరం తప్పనిసరి. ఆ సంకేతాలన్నీ ఏడాది పొడవునా పోగేసి మ్యాపు మీద పరిస్తే ఓడల దారులు ఎర్రగా మెరుస్తాయి, పండగ రోజుల్లో విజయవాడ హైవేలాగా! గ్యాస్ బ్లాకులకు నాలుగు మూలలా అక్షాంశ రేఖాంశాలున్నాయి. పైపులైన్లకు, సముద్రగర్భపు కేబుళ్లకు గీతలున్నాయి. మరి గిలకలదిండి నుంచో, ఉప్పాడ నుంచో తెల్లారకముందే బయల్దేరే ఫైబరు పడవ? చాలాకాలం దానికి ఏ పరికరమూ లేదు. అది వెళ్లిన చోట మ్యాపులో ఏమీ మెరవదు. తెల్లగా, ఖాళీగా ఉంటుంది.

హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంజినీరు చెడ్డవాడేమీ కాదు. ఎవరికీ అడ్డం రాని చోటు వెతుకుతాడు. ఖాళీ కనిపిస్తుంది. అక్కడ గుర్తు పెడతాడు.

ఇక్కడే పొలం సంగతి గుర్తుకొస్తుంది. పాత పహాణీలో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, సాగులో ఉన్న అనుభవదారు పేరు ఇంకో కాలమ్‌లో ఉండేది. 2020లో ధరణి వచ్చాక అనుభవదారు కాలమ్ ఎగిరిపోయింది. దాని మీద తెలంగాణ పల్లెల్లో ఎంత గొడవ జరిగిందో పత్రిక చదివేవాళ్లందరికీ తెలుసు. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. భూమికే ఇంత తంటా ఉంటే, సముద్రంలో పట్టాదారు సర్కారే. తాతముత్తాతల నుంచి వల వేస్తున్నవాడు ఒట్టి అనుభవదారు. అతని కాలమ్ ఏ పహాణీలో ఉంది?

అసలు అతనికి లెక్కలు లేక కాదు. ఒడ్డున ఉన్న కొండనో, గుడి గోపురాన్నో, లైట్‌హౌస్‌నో, తాటితోపునో ఆనవాలు పెట్టుకుని, రెండు ఆనవాళ్లు ఒకే వరసలోకి వచ్చిన చోటును పట్టుకుని, అక్కడ ఎన్ని బారల లోతో, కింద రాయో బురదో చెప్పగలడు. ఏ నెలలో ఏ గాలికి ఏ చేప దొరుకుతుందో చెప్పగలడు. టాపింగ్ దొర గుండుకు మైనం రాసి తెలుసుకున్నది ఇతనికి నోటిలెక్క. కాకపోతే ఆ లెక్క కాగితం ఎక్కలేదు. తండ్రి కొడుక్కి చెబుతాడు, పక్క పడవవాడికి చెప్పడు. ఎందుకు చెబుతాడు? మంచి చేపల గడ్డ ఊరందరికీ తెలిస్తే ఇంకేం మిగులుతుంది!

దాని ఫలితం ఎలా ఉంటుందో కోనసీమలో కనిపించింది. గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్ అక్కడి తీరం ముందు చమురు అన్వేషణ చేసినప్పుడు వేట దెబ్బతింది. పరిహారంలో బకాయి కోసం మత్స్యకారులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2019 నవంబరులో ముమ్మిడివరం దగ్గర రాష్ట్ర ప్రభుత్వం 16 వేలకు పైగా కుటుంబాలకు సుమారు 78 కోట్ల రూపాయలు ఇచ్చింది. డబ్బు వచ్చింది, మంచిదే. కానీ ఏ పడవ ఏ నీళ్లలో ఎన్ని రోజుల వేట పోగొట్టుకుందో ముందే రాసిపెట్టిన మ్యాపు ఒకటి ఉండి ఉంటే? తాము నష్టపోయామని రుజువు చేసుకునే భారం నష్టపోయినవాళ్ల నెత్తిన పడేది కాదు. బహుశా బావి చోటూ, తవ్వే నెలలూ కూడా ముందే మాట్లాడుకునేవాళ్లు.

యూరప్ దేశాలు ఈ పని చట్టం పెట్టుకుని చేశాయి. 2014లో నిబంధన తెచ్చి, 2021కల్లా తీరం ఉన్న సభ్య దేశాలన్నీ సముద్ర ప్రణాళికలు వేసుకోవాలన్నారు. మన దేశం 2019లో నార్వేతో ఒప్పందం చేసుకుంది. పుదుచ్చేరి, లక్షద్వీప్‌లను ప్రయోగానికి ఎంచుకున్నారు. 2023లో పుదుచ్చేరి ప్రణాళిక బయటికొచ్చింది. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా పుదుచ్చేరిదే. మునగాల పరగణాలాగే అదీ మ్యాపులో ఒక దీవి! ఆంధ్రా తీరానికి అలాంటి ప్రణాళిక వేసే రోజు వస్తే గీతలు మొదలుపెట్టాల్సింది చమురు బ్లాకుల దగ్గర కాదు, రేవుల్లోని పడవల దగ్గర.

అందుకు దారి లేకపోలేదు. లక్ష పడవలకు ఇస్రో తయారుచేయించిన ట్రాన్స్‌పాండర్లు బిగించే కార్యక్రమాన్ని 2024 ఆగస్టులో కేంద్రం ప్రారంభించింది. తుపాను వస్తే హెచ్చరిక అందుతుంది, ఆపదలో మీట నొక్కితే ఒడ్డుకు కబురు వస్తుంది. ప్రాణాలు నిలిపే పరికరం, సందేహమే లేదు. దాంతోపాటే పడవ ఎక్కడెక్కడ తిరిగిందీ నమోదవుతుంది. ఆ జాడలన్నీ కలిపితే ఆ తెల్ల ఖాళీలో మొదటిసారి రంగు పడుతుంది.

కానీ మత్స్యకారుడికి ఇందులో ఒక గుబులు ఉండటం సహజం. దాచుకున్న చోటు బయటపడుతుందేమో! ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఏ పడవ ఎక్కడికి పోయిందో విడిగా ఎవరికీ చూపకుండా, వేలాది పడవల జాడలు కలిపి మాత్రమే మ్యాపులో వేయొచ్చు. ఇది సాధ్యమయ్యే పనే. ఇంకోటి, నెలనెలకూ వేరే మ్యాపు కావాలి. ఏడాది మొత్తానికి ఒకే రంగు పులిమితే అది అబద్ధం చెబుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మే నెలలో సర్వే ఓడ వెళ్లి చూస్తే మర పడవ ఒక్కటీ కనిపించదు. ఎండాకాలంలో నడిగూడెం పొలాలూ బీళ్లే. అంతమాత్రాన వాటికి ఆసామి లేడంటామా?

నిజానికి సమాచారం వేటగాడి చేతికి వస్తే ఎంత మేలో చేసి చూపించింది ఇన్‌కాయిసే. ఉపగ్రహాలు సముద్రపు వేడినీ, నీటి రంగునూ చూస్తాయి. పచ్చటి నాచు పెరిగే చోటుకు, వేడి నీరూ చల్లని నీరూ కలిసే అంచుకు చేపలు మేతకు చేరతాయి. అవి చూసి ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్లలో, ఇంత లోతున చేప దొరకొచ్చని తెలుగులోనే కబురు పెడతారు. డీజిల్ ఆదా, తిరుగుడు ఆదా. మబ్బు పడితే మాత్రం ఆ ఉపగ్రహాల కన్ను మూసుకుపోతుంది, అప్పుడు మళ్లీ తాత చెప్పిన ఆనవాళ్లే దిక్కు. అలాగే అలల ఎత్తు, గాలి జోరు హెచ్చరికలు. సముద్రంలో లంగరేసిన బోయలు, తేలుతూ తిరిగే పరికరాలు పంపే లెక్కలే వాతావరణ సూచనలకూ మూలం. కళింగపట్నం దగ్గర తీరం దాటే వాయుగుండం నడిగూడెం కాలువకు ఎంత నీరు తెస్తుందో ముందే చెప్పాలన్నా ఆ లెక్కలే ఆధారం.

మునగాల దగ్గర హైవే పక్కన కాసేపు నిలబడితే హైదరాబాద్ వైపు పోయే చేపల వ్యాన్లు ఐసునీళ్లు కార్చుకుంటూ దాటిపోతుంటాయి. హైదరాబాద్ నుంచి వెళ్లే కబుర్లు మాత్రం కంటికి కనపడవు. ప్రగతినగర్‌లో బయల్దేరి, ఈ పొలాల మీదుగానే, క్షణంలో గిలకలదిండి రేవుకు చేరిపోతాయి.

జూన్ 14 అర్ధరాత్రితో వేట నిషేధం ముగుస్తుంది. అప్పటికే రేవులో వలలు బాగుచేసుకుని, ఐసు దించుకుని, డీజిల్ నింపుకుని పడవలు సిద్ధంగా ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే నడిగూడెంలో రైతులు నారుమళ్లు దున్నుకుని, ఒకసారి సాగర్ కాలువ వైపు, ఒకసారి తూర్పు దిక్కున మబ్బుల వైపు చూస్తుంటారు.